అబ్బాయిగారి హైదరాబాదు ప్రయాణం

ముప్పైనాలుగేళ్ళు అద్దెకార్లు నడిపాను. పెళ్ళికూతుళ్ళను అత్తారింట్లో దింపాను. గల్ఫు విమానం ఎక్కేవాళ్ళను, ఏడుస్తున్న ఇంటిల్లిపాదితో సహా ఎయిర్‌పోర్టుకి చేర్చాను. ఎన్నికల్లో గెలిచినాయన్నీ ఓడినాయన్నీ ఒకే వారంలో ఒకే బండిలో గుడికి తిప్పాను. వీళ్ళలో చాలామంది నా బండిలో వాంతి చేసుకున్నారు. పాపం, దిగేటప్పుడు అందరూ నాకు సారీ చెప్పారు. వాంతి చేసుకున్నవాడికి నేనే సారీ చెప్పుకోవలసి వచ్చింది మాత్రం ఒక్కడి విషయంలోనే. ఆ ఒక్కడికి నాలుగు కాళ్ళు.

ఇప్పుడు స్టాండులో ఉన్న కుర్ర డ్రైవర్లు నేను టీకి వెళితే "కుక్కల డ్రైవరు గారు వచ్చేరండోయ్" అని నవ్వుతారు. నవ్వండి తమ్ముళ్ళూ, నాకేం పోయింది? పెద్ద కుక్కతో దూరం కిరాయి తగిలినప్పుడు బండి పక్కకి ఆపి రహస్యంగా ఫోను చేసేది మళ్ళీ నాకే. ఫోనులో రెండు ముక్కలు చెబితే మీకు ఎక్కడం లేదు కాబట్టి అసలు జరిగిందంతా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా కొత్తపేటలో ఒకరి పేరు రాస్తే ఆ వీధి మొత్తం చుట్టాలే అవుతారు, అందరికీ సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు.

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు మాట. మా ఊళ్ళోనే నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పే మేడంగారు ఒకావిడ ఉండేవారు. భర్తకి గల్ఫులో ఉద్యోగం. ఏడాదికోసారి సెలవు మీద వచ్చే ఆయన ఒకసారి కాకినాడ నుంచి బూడిదరంగు గ్రేట్ డేన్ జాతి కుక్కపిల్లని తెచ్చి, "నేను లేనప్పుడు నీకు తోడుగా ఉంటుంది" అని చేతిలో పెట్టి వెళ్ళారట. ఆయన మళ్ళీ సెలవు మీద వచ్చేసరికి అది దూడంత అయింది. నేను చూసేనాటికి బరువు యాభై ఎనిమిది కిలోలు. ఇది నా అంచనా కాదు, పశువుల డాక్టరుగారు దాన్ని ధాన్యం కాటా మీద నిలబెట్టి తూచి చెప్పిన లెక్క.

ఆ వీధిలో దాన్ని ఎవరూ కుక్క అనేవారు కాదు. అబ్బాయిగారు అనేవారు. పాలాయన గేటు దగ్గర ఆగి, "అబ్బాయిగారు పడుకున్నారాండీ?" అని కనుక్కుని మరీ లోపలికి అడుగుపెట్టేవాడు. పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. రోజూ సాయంత్రం అబ్బాయిగారు వెళ్ళి ప్రహరీగోడ మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. మామ్మగారు అటువైపు నుంచి పెరుగన్నం ముద్దలు పెట్టేవారు. గోడ మీద ఆ గడ్డం ఆనే చోట సున్నం అరిగిపోయి నున్నగా ఉండేది.

ఇలా ఉండగా మేడంగారికి ప్రమోషను వచ్చి హైదరాబాదు వేశారు. సామాన్లు లారీలో వెళ్ళిపోయాయి. అబ్బాయిగారు రైలు గార్డు పెట్టెలో పట్టడు. అందుకని మా ట్రావెల్సుకి ఫోను చేశారు. మా ఓనరుగారు నన్ను పిలిచి, "పాసింజరు ఒక మేడం, ఒక కుక్క. నువ్వయితే నిదానస్తుడివి" అని తాళాలు ఇచ్చారు. ఆ పొగడ్త నాకు నెత్తికెక్కింది.

నా బుర్రకి తోచిన సుఖాలన్నీ అమర్చాను. ఏడు సీట్ల బండిని నిగనిగలాడేట్టు కడిగించాను. జుట్టు రాలుతుందేమోనని వెనక సీట్లన్నిటికీ కొత్త ప్లాస్టిక్ కవర్లు తొడిగించాను. కుక్క వాసన రాకూడదని మల్లెపూల సెంటుబుడ్డి తగిలించాను, అది చాలదన్నట్టు రెండు అగరువత్తులు వెలిగించాను. ఏసీ గడ్డకట్టేట్టు పెట్టాను. పాటలు పెట్టాను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. మేడంగారు వాళ్ళ పద్ధతి ప్రకారం ప్రయాణ ప్రార్థన చేశారు, అది కాస్త పొడుగ్గానే సాగింది. దేవుళ్ళందరికీ చెప్పుకున్నాం. ఎక్కబోయేవాడిని అడగడమే మర్చిపోయాం. అబ్బాయిగారిని ముందు నుంచి ఆవిడా వెనక నుంచి నేనూ పట్టి, గాద్రెజ్ బీరువా ఎక్కించినట్టు ఎక్కించాం.

బండి కదిలింది. ప్లాస్టిక్ కవరు మీద ఆ నాలుగు కాళ్ళకీ పట్టు దొరకలేదు. నేను బ్రేకు వేస్తే ముందుకి జారాడు, ఎత్తితే వెనక్కి జారాడు. అద్దంలో చూస్తే నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. "ఇంక కాసేపే నాన్నా" అంటున్నారు మేడంగారు. ఇంకా ఎనిమిది గంటలుంది. రావులపాలెం పొలిమేరలో అబ్బాయిగారు ఒక్కసారి వీపు వంచి, కడుపులో ఉన్నదంతా నా కొత్త కవర్ల మీద దింపేశాడు.

అప్పుడు చేసిన తప్పు నా తప్పే. బండి పక్కకి తీసి, తుడుద్దామని గబుక్కున దిగి వెనక తలుపు తీశాను. గొలుసు నా చేతిలో లేదు. యాభై ఎనిమిది కిలోలు నన్ను తోసుకుని రోడ్డు మీద పడ్డాయి. ఆ వెనకే ఒక లారీ హారను. ఆ హారను ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు చెవుల్లో మోగుతుంది. అదృష్టం, వాడు లారీకి అందకుండా ఎడమవైపు తిరిగి అరటిపళ్ళ మార్కెట్లోకి దూరిపోయాడు. గెలలు దింపుతున్న కూలీలు, "గుర్రం వచ్చిందిరోయ్" అని గెలలు వదిలేసి అరుగుల మీదకెక్కారు. మేమిద్దరం వెళ్ళేసరికి గెలల రాశి వెనక మూలకి నక్కి కూర్చుని వణుకుతున్నాడు. మేడంగారు వాడి మెడ చుట్టూ చేతులు వేసి ఆ మార్కెట్టు నేల మీదే కూలబడ్డారు. నన్ను తిట్టినా బాగుండేది.

మళ్ళీ బండెక్కలేదు వాడు. బండి అక్కడే పెట్టేసి, ఇంటిదాకా పన్నెండు కిలోమీటర్లు వాణ్ణి నడిపించుకుంటూ నేనొచ్చాను, ఆవిడ ఆటోలో మా పక్కనే వచ్చారు. ఆ నడకలో రెండుసార్లు వాడికి సారీ చెప్పాను. వాడు నా వైపు చూడలేదు.

తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆ పొద్దున్న మేడంగారు వాడికి పెట్టింది కొంచెమే. కానీ మా వైపు ప్రయాణమయ్యేవాణ్ణి ఖాళీ కడుపుతో ఎవరు పంపుతారు? మామ్మగారు గోడ మీద నుంచి రెండు గిన్నెల పెరుగన్నం పెట్టారు. ఎదురింటివాళ్ళు ఆరు ఇడ్లీలు. కొట్టాయన రెండు బన్నులు. పాలాయన అరలీటరు పాలు. ఎవరికి వాళ్ళు తామొక్కరే పెట్టామనుకున్నారు. ఇంకొకటి కూడా ఉంది, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మేడంగారు తాళాలు వేస్తుండగా వాడు నా చేతివైపు చూస్తే, నేను కూడా ఒక పూతరేకు పెట్టాను.

ఆ సాయంత్రం మేడంగారు అన్నారు. "చేరడానికి రెండు వారాలు గడువు అడిగేనండి. ఇచ్చేరు. ఇంక అడగలేను. ఐ.పోలవరం దగ్గర మా అన్నయ్యగారికి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద కాపలాకి కట్టేసుకుంటానన్నారు. అక్కడికయితే..." అని ఆగి, "అక్కడికయినా బండెక్కాలి కదండీ" అని నవ్వబోయి ఏడ్చేశారు.

గోడ మీద గడ్డం పెట్టుకుని అన్నం తినేవాణ్ణి చెరువుగట్టు మీద ఎండలో గొలుసేసి కట్టేస్తారు. ఎవరి వల్ల? నా వల్ల. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదంటే మా ఆవిడ కూడా నమ్మలేదు.

మర్నాడు స్టాండు దగ్గర టీకొట్టులో మా పెద్దాయన కనిపించాడు. నాకన్నా పదేళ్ళ ముందు స్టీరింగు పట్టినవాడు. అప్పటికే ట్రావెల్సు మానేసి రొయ్య సీడు వ్యాను నడుపుతున్నాడు. సముద్రం ఒడ్డున హేచరీల్లో పుట్టించిన వెంట్రుకంత పిల్లల్ని సీడు అంటారు. వాటిని నీళ్ళు నింపి ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో చెరువుల దాకా చేర్చడం ఆయన పని.

"ఏరా, నీ పాసింజరు అరటిపళ్ళ మార్కెట్లో దిగిపోయేడంట?" అన్నాడు.

"నవ్వకు బావా. ఆ మేడంగారి మొహం చూళ్ళేకపోతున్నాను" అని జరిగిందంతా చెప్పాను, పూతరేకు తప్ప.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "సీడు ఎత్తే ముందు మేం ఏం చేస్తాం? మేత ఆపేస్తాం. తిన్న పిల్ల సంచిలో నీళ్ళు పాడు చేసి, ఆ నీళ్ళలో అదే చస్తది. సరే, చెరువు దగ్గరికి తెచ్చేం. సంచి కోసేసి కుమ్మరిస్తామా?"

"లేదు. సంచులు చెరువులో తేలుతూ ఉంటాయి, చూశాను."

"ఎందుకు తేలనిస్తామో ఎప్పుడన్నా అడిగేవా? సంచిలో నీళ్ళ వేడి వేరు, చెరువు నీళ్ళ వేడి వేరు. రెండూ ఒకటయ్యేదాకా మూతి విప్పకూడదు. తర్వాత విప్పి చెరువు నీళ్ళు దోసెడు దోసెడు లోపలికి పొయ్యాలి. అప్పుడు పిల్లలు వాటంతటవే బయటికి ఈదుకుపోతాయి. మనం తొయ్యకూడదు. తొందరపడ్డావనుకో, తెల్లారేసరికి అన్నీ గట్టుకి కొట్టుకొస్తాయి."

"అయితే?"

"అయితే ఏంటి, అయితే! నువ్వు ఆ కుక్కని సంచి కోసి కుమ్మరించేవురా. తేలనివ్వలేదు."

ఇరవై ఏళ్ళుగా ఆ చెరువుల పక్క నుంచి బండి నడుపుతూ, తేలే సంచుల్ని చూస్తూ ఉన్నాను. ఒక్కసారి కూడా నా పనికి దానితో సంబంధం ఉందని తట్టలేదు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదాయన. "చేరేక చెప్పు" అని వ్యానెక్కేశాడు.

మేడంగారి దగ్గరికి వెళ్ళి పది రోజులు టైమిమ్మన్నాను.

"పదిరోజుల్లో ఏం చేస్తారండీ?"

"ఏమీ చెయ్యనండి. పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు బండి తెచ్చి మీ వాకిట్లో పెట్టి, తలుపులు తీసి కూర్చుంటానండి."

"అంతేనాండీ?"

"ఆయ్, అంతేనండి."

ఆవిడ సరే అన్నారు. అంతకన్నా దారి లేదు కదా. మా ఓనరుగారు మాత్రం, "బండిలో కూర్చుని పేపరు చదువుకోడానికా నీకు బండి ఇచ్చింది?" అని రోజూ సణిగారు.

ముందు నా సుఖాలన్నీ పీకేశాను. సెంటుబుడ్డి, కవర్లు, పాటలు. వెనక సీట్లు మడిచేసి, కింద మన కొబ్బరిపీచు పరుపు పరిచాను. గరుగ్గా ఉంటుంది, గోళ్ళకి పట్టు దొరుకుతుంది. దాని మీద మేడంగారి పాత నేతచీర ఒకటి వేశాం. మెడకి గొలుసు మాన్పించి ఛాతీ చుట్టూ వచ్చే వెడల్పు పట్టీ తెప్పించాం. దాన్ని సీటు బెల్టుకి తగిలిస్తే బ్రేకు వేసినా మెడ నొక్కదు.

మొదటి రెండు రోజులూ అబ్బాయిగారు బండిని చూసి నీళ్ళతొట్టి వెనక్కి వెళ్ళిపోయాడు. నేను ముందు సీట్లో పేపరు చదువుకున్నాను. మూడో రోజు మెల్లగా వచ్చి టైరు వాసన చూసి, కాలెత్తి తన సంతకం పెట్టాడు. కొత్త బండికి ఎవరైనా అలా చేస్తే కొట్టేవాణ్ణి. ఆ రోజు చప్పట్లు కొట్టబోయి ఆగాను. అయిదో రోజు ముందుకాళ్ళు రెండూ పరుపు మీద పెట్టాడు. ఆరో రోజు పూర్తిగా ఎక్కి, మూడు చుట్లు తిరిగి, నిట్టూర్చి పడుకున్నాడు. నేను తల తిప్పలేదు. కాలవగట్టు మరమ్మతుల వార్త ఒకటి అయిదుసార్లు చదివాను. ఏడో రోజు ఇంజను వేసి, ఆపేశాను. ఎనిమిదో రోజు వీధి చివరిదాకా, తొమ్మిదో రోజు కాలవ లాకుల దాకా, పదో రోజు రావులపాలెం మార్కెట్టు దాకా వెళ్ళి ఆగకుండా తిరిగొచ్చాం. ప్రతిసారీ ఇంటికే తిరిగొచ్చాం. బండెక్కితే మళ్ళీ ఇల్లొస్తుందని వాడికి తెలిసింది.

బండి సంగతి కుదిరింది. వీధి సంగతి మిగిలింది. చెప్పకుండా వెళ్ళిపోతే ఊరుకోరు, చెబితే పెట్టకుండా ఊరుకోరు. అందుకని వీడ్కోలు ముందురోజు మధ్యాహ్నానికి మార్చాం. పెట్టదల్చుకున్నవాళ్ళంతా అప్పుడే వచ్చి పెట్టాలి, మనిషికి ఒక్క ముద్ద. గేటు దగ్గర నేను కుర్చీ వేసుకుని కూర్చుని, గుళ్ళో ప్రసాదం దగ్గర నిలబడే మనిషిలాగా ఒక్కొక్కరినే పంపించాను. ఎదురింటివాళ్ళు ఇడ్లీలో సగం ముక్క పెట్టారు. కొట్టాయన బన్నులో వేలెడంత పెట్టి, "ఇదేం వీడ్కోలండీ" అని నిష్ఠూరమాడాడు.

మామ్మగారు రాలేదు. మొదటిసారి వాంతికి ఆవిడ పెరుగన్నమే కారణమని నేను వీధిలో అన్నమాట ఆవిడ చెవిన పడింది. గోడ అవతల నుంచి గొంతు మాత్రం వినిపించింది. "ఊరెళ్ళేవాణ్ణి పస్తు పంపిస్తాడంట. ఈ డ్రైవరుకి కన్నతల్లి అన్నం పెట్టిందో లేదో!"

నిజం చెప్పద్దూ, ఆ మాటకి నాకు కోపం రాలేదు. సిగ్గేసింది.

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాలి. అబ్బాయిగారు కాస్త నీళ్ళు తాగి, వీధి చివరిదాకా నడిచొచ్చి పనులు కానిచ్చుకున్నాడు. ఎవరూ పట్టుకోకుండా తనే బండెక్కి పరుపు మీద పడుకున్నాడు. మేడంగారు వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, ఈసారి రెండే రెండు ముక్కల్లో. నేను స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పబోతే, బండికి ఎదురుగా మామ్మగారు. చేతిలో స్టీలు గిన్నె.

"తియ్యి తలుపు" అన్నారు.

దిగి చేతులు జోడించాను. "మామ్మగారూ, కోప్పడకండి. ఇప్పుడు తింటే రావులపాలెం దాటడండి. దాటకపోతే రొయ్యల చెరువు దగ్గర కట్టేస్తారండి. తినకుండా వెళ్తే హైదరాబాదు చేరతాడు. అక్కడ కొత్త ఇల్లు, కొత్త మనుషులు. అప్పుడు తినడానికి మీ చేతి అన్నం ఉంటే వాడికి ఎంత బాగుంటుందో చెప్పండి."

ఆవిడ గిన్నె వైపు చూశారు. అద్దంలోంచి చూస్తున్న వాడి వైపు చూశారు.

"ఎన్నింటికి చేరతారు?"

"సాయంత్రం నాలుగయిదు అవుద్దండి."

"అయితే ఇది పనికిరాదు, అప్పటికి పులిసిపోద్ది. ఉండండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

పావుగంట తర్వాత ఆవిడ మూత పెట్టి గుడ్డతో మూటకట్టిన గిన్నె తెచ్చి మేడంగారి ఒళ్ళో పెట్టారు. "వేడన్నం మెత్తగా మెదిపి పాలు పోసేను. చుక్క పెరుగేసేను. ఉప్పు వెయ్యలేదు. సాయంత్రానికి కమ్మగా తోడుకుంటుంది." తర్వాత నా వైపు తిరిగి, "కుదిపేవంటే తోడుకోదు. చూసి నడుపు" అన్నారు.

తమ్ముళ్ళూ, మన దగ్గర దూరం వెళ్ళే ప్రతివాడి సంచిలోనూ ఉండే అన్నమే అది. మనుషులకి కట్టిచ్చే ఆ ఉపాయం కుక్కకి పనికొస్తుందని, ముప్పైఏళ్ళ అనుభవం ఉన్న నాకు తోచలేదు. నాకు ఆవిడ ఇంకో మేలు కూడా చేశారు. ఆ గిన్నె బండిలో ఉన్నంతసేపూ నేను ఎలా నడపాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కుదిపితే పాలు తోడుకోవు, కుక్క కడుపూ నిలవదు. రెండింటికీ ఒకటే డ్రైవింగు.

రావులపాలెం రాగానే అబ్బాయిగారు లేచి నిలబడ్డాడు. మార్కెట్టు దగ్గర అరటిగెలల వాసన. మొన్న ఆగకుండా తిరిగొచ్చినప్పుడు ఊరుకున్నవాడికి ఈసారి గుర్తొచ్చింది. ఎగరొప్పడం మొదలుపెట్టాడు, చొంగ కారింది. నా కాలు బ్రేకు మీదికి పోతోంది. అంతలో అర్థమైంది, భయపడుతున్నది వాడొక్కడే కాదు, నేను కూడా. అద్దం రెండు వేళ్ళ మందం దించి గాలి రానిచ్చాను. ఏసీ మొహం మీద కొట్టకుండా పైకి తిప్పాను. బ్రేకు తాకకుండా, ఎద్దుబండి వెనకపడ్డ పెళ్ళికారు నడిపినట్టు నడిపాను. వెనక నుంచి ఏదో బరువైనది వచ్చి నా ఎడమ భుజం మీద ఆనింది. చూస్తే వాడి గడ్డం. మామ్మగారి గోడ మీద ఆనించినట్టే ఆనించాడు. చొక్కా తడిసిపోతోంది. నేను భుజం కదపలేదు. అలాగే సిద్ధాంతం వంతెన ఎక్కి గోదావరి దాటాం. వంతెన దిగేసరికి వాడు పడుకున్నాడు. మేడంగారు ఏడుస్తున్నారు. నా కళ్ళూ బాగా లేవు.

మిగతా దారి పెద్దగా చెప్పుకోవలసింది లేదు, అదే అందులో గొప్ప. రెండు గంటలకోసారి ధాబాలూ లారీలూ లేని చోట ఆగాం. ముందు పట్టీ తాడు చేతికి చుట్టుకోవాలి, ఆ తర్వాతే తలుపు. ఈ ఒక్కటీ నా ఒంటికి వాత పెట్టినట్టు గుర్తుండిపోయింది. నీళ్ళు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం పట్టాం. ఎండెక్కాక మేమిద్దరం వంతులవారీగా తిన్నాం. ఒకళ్ళు తింటే ఒకళ్ళు వాడి దగ్గర. మూసిన బండిలో వాణ్ణి ఒక్క నిమిషం కూడా వదల్లేదు. టోల్‌గేటు దగ్గర ఒకాయన లోపలికి తొంగిచూసి, "సార్, ఇది కుక్కేనా?" అని అడిగి, పక్కవాణ్ణి కూడా పిలిచి చూపించాడు.

సాయంత్రం అయిదింటికి హైదరాబాదులో మేడంగారి అపార్టుమెంటు సెల్లారులో బండి ఆపాను. హమ్మయ్య అనుకుని తలుపు తీస్తే, అబ్బాయిగారు దిగలేదు.

బతిమాలాం. దిగలేదు. ఇంతకుముందు బండెక్కనన్నవాడు ఇప్పుడు బండి దిగనంటాడు. సిమెంటు గచ్చు, ట్యూబులైట్లు, లిఫ్టు చప్పుడు. పరుపు మీద చీరలో మొహం దూర్చేసి వణుకుతున్నాడు. వాచ్‌మన్ వచ్చాడు, పైవాళ్ళు నలుగురు వచ్చారు. ఒకాయన, "నలుగురం పట్టి లాగేద్దాం" అన్నాడు. మేడంగారు అలిసిపోయి ఉన్నారు. "లాగుదామాండీ?" అన్నారు.

"వద్దండి. తేలనిద్దాం" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. మా పెద్దాయన చెప్పిందంతా చెప్పాను. ఇప్పుడు మన బండే సంచి, ఈ సెల్లారే చెరువు. ఆ చుట్టూ ఉన్నవాళ్ళకి దణ్ణం పెట్టి పంపించేశాం. నాలుగు తలుపులూ తీసి, ఛాతీ పట్టీ తాడు నా చేతికి చుట్టుకుని, ఇద్దరం గచ్చు మీద కూర్చున్నాం. ముప్పావుగంట గడిచింది. వాడు తల ఎత్తాడు, చెవులు ఎత్తాడు, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది గిన్నె. మేడంగారు మూట విప్పి మూత తీశారు. ముందు నేను చూశాను, ఆపుకోలేకపోయాను. గట్టిగా, గీత కూడా పడకుండా తోడుకుంది. ముప్పైనాలుగేళ్ళలో నా డ్రైవింగుకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు. గిన్నె గచ్చు మీద, బండికి రెండడుగుల దూరంలో పెట్టాం.

ముక్కు కదిలింది. వాడు లేచాడు. ఒక కాలు దించాడు, ఆగాడు. రెండో కాలు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు. తనంతట తనే దిగి, గిన్నెలో మూతి పెట్టి, రొయ్యల చెరువు సంగతి గానీ మా ఇద్దరి గుండెల సంగతి గానీ తెలియనట్టు తిన్నాడు. గిన్నె గచ్చు మీద చప్పుడు చేసుకుంటూ జరుగుతోంది, వాడు దాని వెనకే జరుగుతున్నాడు. మేడంగారు ఆ ఖాళీ గిన్నె పట్టుకుని మెట్లెక్కారు. తోక ఊపుకుంటూ వాడు ఆవిడ వెనక ఎక్కాడు. నేను సెల్లారులో బండికి ఆనుకుని నిలబడి, ఎవరూ చూడరు కదా అని, హాయిగా ఏడ్చాను.

మర్నాడు తిరిగి వస్తుంటే మేడంగారు గిన్నె ఇచ్చారు. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు కదా, నిండా బిస్కట్లు పోసి ఇచ్చారు. కొత్తపేట చేరేసరికి బాగా సాయంత్రమైంది. బండి ఓనరుగారికి అప్పజెప్పకుండా ముందు మామ్మగారి ఇంటి ముందు ఆపాను. ఆవిడ గోడ దగ్గరే నిలబడి ఉన్నారు, అటువైపు ఎవరూ లేని ఆ గోడ దగ్గర.

"తిన్నాడా?"

"తిన్నాడండి. గిన్నె కడగక్కర్లేకుండా తిన్నాడు."

"తోడుకుందా?"

"గరిటె నిలబడిందండి."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గిన్నె తీసుకుని, బిస్కట్లు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళారు. నేను వచ్చిన పని అయిందని వెనక్కి తిరిగాను.

"ఎక్కడికి? కాళ్ళు కడుక్కుని రా" అన్నారు లోపల నుంచి.

అరుగు మీద అరిటాకు వేశారు. వేడన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి. ఓనరుగారి నుంచి ఫోను వస్తోంది, నేను ఎత్తలేదు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని, పెట్టబోయి ఆగి, నా మొహంలోకి అనుమానంగా చూశారు.

"నీకు ఇవాళ ఇంక ప్రయాణం ఏదీ లేదు కదా?"

"లేదండి."

"అయితే సుబ్బరంగా తిను" అని నిండా వడ్డించారు.